సరిచూసిన లెక్కే లెక్క: పాత కంప్యూటరుతో నమ్మకమైన ఫైల్ సర్వరు



స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు ఏమేమి కావాలో మీకు తెలియనిది కాదు. మార్కుల జాబితా, ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, ఫీజు రసీదు, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ. ఇవన్నీ ఇప్పుడు స్కాన్ చేసి పంపవలసినవే. చాలా ఇళ్ళలో ఈ స్కాన్లు ఒక ఫోనులోనో, ఒక పాత ల్యాప్‌టాపులోనో ఉంటాయి. గడువు రేపనగా అది తెరుచుకోకపోతే ఆ ఏడాది ఫీజు కోసం తండ్రి వడ్డీకి తేవలసి వస్తుంది. ప్రభుత్వం 2015లో ప్రారంభించిన డిజీలాకర్ కొన్ని ధ్రువపత్రాలకు ఆదుకుంటుంది. కానీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు, నోట్సు, ఇంటి దస్తావేజుల స్కాన్లు, మనవంటి ట్రస్టుల దరఖాస్తు ఫైళ్ళు, మినిట్సు పుస్తకాలు అక్కడ ఉండవు. వాటిని కాపాడుకోవలసింది మనమే.

ఇందుకు ఖరీదైన యంత్రం అవసరం లేదు. ఒక పాత డెస్క్‌టాపు, రెండు కొత్త హార్డ్ డిస్కులు, ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు ఉంటే చాలు. అయితే ఒక్క మాట ముందే చెప్పాలి. దాచినంత మాత్రాన ఏదీ భద్రం కాదు. దాచినదాన్ని మళ్ళీ మళ్ళీ సరిచూసినప్పుడే భద్రం. బ్యాంకు లెడ్జర్ల ముందు చాలా ఏళ్ళు కూర్చున్న నాకు ఈ విషయం కంప్యూటర్ల కంటే ముందే అలవాటైంది. కామర్స్ చదివినవారికి కూడా అర్థమయ్యేలా ఈ పాఠాన్ని ఆ లెక్కల భాషలోనే చెబుతాను.

నెట్‌వర్కు స్టోరేజి అంటే

ఇంట్లోని, ఆఫీసులోని కంప్యూటర్లన్నీ ఒకేచోట ఫైళ్ళు దాచుకుని, అక్కడి నుంచే తీసుకునే ఏర్పాటును నెట్‌వర్కు స్టోరేజి సర్వరు అంటారు. పొట్టి పేరు నాస్. విండోస్ కంప్యూటరులో అది మరో డ్రైవులాగా కనబడుతుంది. లినక్సు యంత్రం విండోస్‌తో ఇలా మాట్లాడగలగడానికి కారణం సాంబా అనే సాఫ్ట్‌వేరు. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో విద్యార్థిగా ఉన్న ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో దీనికి పునాది వేశాడు. మరొక సహచరుడితో కలిసి ఆయనే 1996లో ఆర్‌సింక్ అనే కాపీ సాధనాన్ని విడుదల చేశాడు. మన సర్వరుకు ఈ రెండూ కావాలి. రెండూ ఉచితమే. వాటి మూలరూపాన్ని ఎవరైనా తెరిచి చదవవచ్చు.

ఒక డిస్కు పోతే: రెయిడ్

హార్డ్ డిస్కు ఏదో ఒకనాటికి చెడిపోతుంది. ఎప్పుడు అన్నదే తెలియదు. కాబట్టి చెడిపోతుందనుకునే ఏర్పాటు చేసుకోవాలి. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు 1988లో ఒక పత్రం ప్రచురించారు. ఒక ఖరీదైన పెద్ద డిస్కును నమ్ముకునే బదులు చవక డిస్కులు కొన్నింటిని జట్టుగా వాడవచ్చని అందులో చూపించారు. ఆ పద్ధతి పేరే రెయిడ్.

ఇందులో సులువైనది మిర్రర్. రాసే ప్రతిదీ రెండు డిస్కులలోనూ రాస్తారు. ఒకటి పోయినా రెండవది పని నడిపిస్తుంది. నాలుగు టెరాబైట్ల డిస్కులు రెండు పెడితే మనకు దొరికే చోటు నాలుగే.

రెండవది ప్యారిటీ. దీన్ని కూడికతో చెప్పుకోవచ్చు. మూడు డిస్కులలో 25, 40, 15 అని మూడు అంకెలు ఉన్నాయి. నాలుగవ డిస్కులో వాటి మొత్తం 80 రాశాం. రెండవ డిస్కు పోయింది. 80లోంచి 25ను, 15ను తీసేస్తే పోయిన 40 తిరిగి వస్తుంది. కంప్యూటరు చేసే లెక్క ఇదే కూడిక కాదు కాని సూత్రం ఇదే. ఒక డిస్కు ఖర్చుతో మిగిలిన మూడింటికీ రక్షణ. అయితే ఒకేసారి రెండు డిస్కులు పోతే ఈ లెక్క పనిచేయదు. అందుకే పెద్ద డిస్కులు ఎక్కువగా ఉన్నచోట ఇద్దరు జామీనుదారుల్లాగా రెండు ప్యారిటీలు పెడతారు. ఇంటికి, చిన్న ఆఫీసుకు మిర్రర్ చాలు.

రెండు కాపీలు తేడా వస్తే: చెక్‌సమ్

ఇక్కడ ఒక చిక్కు ఉంది. డిస్కు పూర్తిగా చెడిపోతే మనకు తెలుస్తుంది. కానీ ఒక్కోసారి డిస్కు బాగానే ఉన్నట్టు కనబడుతూ అక్కడక్కడ ఒక అక్షరాన్ని తప్పుగా ఇస్తుంది. మిర్రర్‌లో ఒక కాపీ 40 అని, రెండవ కాపీ 48 అని చెబితే ఏది నిజం? మామూలు మిర్రర్‌కు ఆ సంగతి తెలియదు.

పూర్వం సి.పి. బ్రౌన్ దొర కడపలో పండితులను నియమించి, ఒకే కావ్యానికి పలుచోట్ల నుంచి తాళపత్ర ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి శుద్ధప్రతి రాయించాడు. ఆయన సేకరించినవాటిలో చాలా ప్రతులు మన చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. పండితుడికి ఛందస్సు, అర్థం తోడు ఉంటాయి కనుక ఏ పాఠం సరైనదో తేల్చగలడు. యంత్రానికి ఆ తోడు చెక్‌సమ్.

బ్యాంకులో వోచర్ల కట్టకు కంట్రోలు మొత్తం వేరే కాగితం మీద వేసి ఉంచేవారు. లెడ్జరు ఆ మొత్తంతో కలవకపోతే తప్పు లెడ్జరులో ఉందని తెలిసేది. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టం సరిగ్గా ఇదే చేస్తుంది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బాన్‌విక్, మాథ్యూ ఆరెన్స్ బృందం 2001లో మొదలుపెట్టిన ఈ పని మూలరూపం 2005లో బహిరంగమైంది. 2013 నుంచి ఓపెన్ జెడ్‌ఎఫ్‌ఎస్ పేరుతో సాగుతోంది. ప్రతి డేటా ముక్కకు ఒక చెక్‌సమ్ లెక్కించి, ఆ ముక్కతో కాకుండా వేరే చోట దాస్తుంది. చదివినప్పుడల్లా సరిచూస్తుంది. కలవకపోతే రెండవ డిస్కులోని మంచి కాపీని ఇచ్చి, చెడిన చోట దాన్నే తిరిగి రాస్తుంది.

ఎవరూ చదవని పాత ఫైళ్ళ మాటేమిటి? వాటి కోసం స్క్రబ్ అనే పని ఉంది. నెలకొకసారి సర్వరు తనంత తానే మొదటినుంచి చివరిదాకా అన్నీ చదివి సరిచూసుకుంటుంది. ఇది లెడ్జరు బ్యాలెన్సింగు వంటిదే. బ్యాలెన్సు తీయని లెడ్జరును ఏ ఆడిటరు నమ్ముతాడు?

చెరపరాదు, కొట్టివేయాలి: స్నాప్‌షాట్

లెడ్జరులో తప్పు పడితే రబ్బరుతో చెరపడానికి వీల్లేదు. పాత అంకె కనబడేలా కొట్టివేసి, పక్కన కొత్త అంకె వేసి, పొట్టి సంతకం పెట్టాలి. జెడ్‌ఎఫ్‌ఎస్ కూడా పాత ముక్క మీద కొత్తది రాయదు. కొత్తదాన్ని వేరేచోట రాస్తుంది. అందువల్ల ఫలానా రోజు ఫలానా గంటకు ఉన్న స్థితిని గుర్తుపెట్టి ఉంచడం దానికి చాలా తేలిక. దాన్నే స్నాప్‌షాట్ అంటారు. పొరపాటున ఫోల్డరు తొలగిపోయినా నిన్నటి స్నాప్‌షాట్ నుంచి తీసుకోవచ్చు.

దీని విలువ 2017 మే నెలలో ప్రపంచానికి తెలిసింది. వనాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది పాకింది విండోస్ ఫైళ్ళ పంపకానికి వాడే ఎస్‌ఎంబీ అనే పద్ధతి మొదటి వెర్షను లోపం గుండా. ఆ లోపానికి సవరణ మార్చిలోనే వచ్చింది. వేసుకోనివారు నష్టపోయారు. ఓపెన్ సోర్స్ అయినంత మాత్రాన లోపాలు ఉండవని కాదు. అదే మే 24న సాంబాలోని ఒక తీవ్రమైన లోపానికి కూడా సవరణ విడుదలైంది. కాబట్టి మూడు జాగ్రత్తలు: సర్వరులో ఎస్‌ఎంబీ మొదటి వెర్షను ఆపివేయాలి, అప్‌డేట్లు వాయిదా వేయకుండా వేసుకోవాలి, అడ్మిన్ పాస్‌వర్డును రోజూ వాడే కంప్యూటరులో దాచరాదు. అప్పుడు కంప్యూటరుకు పట్టిన తెగులు స్నాప్‌షాట్లకు చేరదు.

రెయిడ్ ఉంటే బ్యాకప్పు అక్కరలేదా?

చాలామంది ఇక్కడే మోసపోతారు. రెండు డిస్కులూ ఒకే పెట్టెలో, ఒకే గదిలో ఉన్నాయి. నిప్పు, నీరు, దొంగ వస్తే రెండూ ఒకేసారి పోతాయి.

దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో 2025 సెప్టెంబరు 26న ప్రభుత్వ డేటా సెంటరులో బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. ప్రభుత్వోద్యోగులు ఫైళ్ళు దాచుకునే జీ డ్రైవు అక్కడే ఉండేది. 858 టెరాబైట్లు. వేరేచోట బ్యాకప్పు లేకపోవడం వల్ల అది కాలిపోయింది. అంత సంపన్నమైన, సాంకేతికంగా ముందున్న దేశానికే ఇలా జరిగింది.

మనకు నిప్పు కంటే నీటి భయం ఎక్కువ. 2015 డిసెంబరు వరదలు ఎవరూ మరచిపోలేదు. సిబ్బంది ప్రెస్సుకు చేరలేక ది హిందూ పత్రిక 1878లో మొదలైన తరువాత తొలిసారి ఆ డిసెంబరు 2న అచ్చు కాలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు మన షోళింగనల్లూరు పక్కనున్న పళ్ళికరణై, పెరుంబాక్కం వంటి ప్రాంతాలను ముంచెత్తింది. చిత్తడినేల పక్కన కాపురం ఉండేవాళ్ళం, సర్వరును నేలమీద పెట్టకూడదు. వీలైతే పై అంతస్తులో, కనీసం బల్ల మీద ఉంచాలి. మరొక కాపీ మరొక ఊళ్ళో ఉండాలి.

ఇంకొక ఊళ్ళో కాపీ ఉండటం వల్ల కలిగే మేలు తెలుగువారికి బాగా తెలియాలి. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, మన గిండీ ఇంజనీరింగు కాలేజీలో చదివి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు పది లక్షల పుస్తకాలను స్కాన్ చేయించే ప్రాజెక్టుకు నాయకత్వం వహించారు. 2000 దశకంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో వేలకొద్దీ తెలుగు పుస్తకాలు కంప్యూటరులోకి వచ్చాయి. తరువాత ఆ వెబ్‌సైటు ఆగిపోయింది. అయితే కార్ల్ మాలముడ్ అనే అమెరికన్ అందులోని లక్షలాది పుస్తకాలను ముందే కాపీ చేసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉంచారు. తాతల కాలం నాటి తెలుగు పుస్తకాలను మన పిల్లలు ఈనాడు ఉచితంగా చదవగలుగుతున్నారంటే ఆ రెండవ కాపీ పుణ్యమే.

అందుకే 3-2-1 అనే సూత్రం పుట్టింది. మూడు కాపీలు ఉండాలి, రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి వేరేచోట ఉండాలి. మన లెక్కలో ఒకటి మీ కంప్యూటరులో, రెండవది సర్వరులో, మూడవది బయటి డిస్కులో. బయటి డిస్కులు రెండు కొని, ఒకటి ఊళ్ళో బంధువుల ఇంట్లో ఉంచి, పండుగకు వెళ్ళినప్పుడు మార్చుకుని రండి. అందులో ఆధార్, పాసుబుక్కు వంటివి ఉంటాయి కనుక డిస్కుకు పాస్‌వర్డుతో ఎన్‌క్రిప్షన్ తప్పనిసరి.

తయారుచేసే విధానం

1. యంత్రం: 64 బిట్ ప్రాసెసరు, 8 జీబీ మెమరీ, ఒక గిగాబిట్ నెట్‌వర్కు పోర్టు ఉన్న పాత డెస్క్‌టాపు చాలు. ఆపరేటింగ్ సిస్టం కోసం చిన్న ఎస్‌ఎస్‌డీ ఒకటి విడిగా పెట్టండి. వైఫై కాకుండా రూటరుకు కేబులుతో కలపండి.

2. డిస్కులు: యంత్రం పాతదైనా డిస్కులు కొత్తవే కొనాలి. రిచీ స్ట్రీటుకు వెళ్ళినప్పుడు సైజు, ధర మాత్రమే చూడకండి. ఎస్‌ఎంఆర్ రకమా, సీఎంఆర్ రకమా అని మోడలు నంబరుతో సరిచూడండి. ఎస్‌ఎంఆర్‌లో డేటా వరుసలు పెంకుటింటి కప్పు మీద పెంకుల్లాగా ఒకదానిమీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి. ఒకటి మార్చాలంటే పక్కవాటినీ తిరగరాయాలి. చెడిన డిస్కు స్థానంలో కొత్తది నింపేటప్పుడు ఇవి బాగా నెమ్మదిస్తాయి. సీఎంఆర్ తీసుకోండి. వీలైతే రెండు డిస్కులూ వేర్వేరు దుకాణాల్లో కొనండి. ఒకే బ్యాచివి ఒకేసారి చెడే అవకాశం ఉంది. వాటిని యూఎస్‌బీ పెట్టెల్లో కాకుండా యంత్రం లోపలే బిగించండి.

3. యూపీఎస్: రాస్తుండగా కరెంటు పోవడం అన్నిటికంటే చెడ్డది. యూఎస్‌బీ తీగ ఉన్న యూపీఎస్ కొంటే, నట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు బ్యాటరీ తగ్గగానే సర్వరును పద్ధతిగా ఆపివేస్తుంది.

4. సాఫ్ట్‌వేరు: రెండు మంచి దారులు ఉన్నాయి. ఫ్రాన్సుకు చెందిన ఒలివియే కొషార్ 2005లో ఫ్రీనాస్ పేరుతో మొదలుపెట్టినది 2020 నుంచి ట్రూనాస్ అయింది. దీనికి 8 జీబీ మెమరీ కనీసం. జెడ్‌ఎఫ్‌ఎస్ దీనిలోనే కలిసి ఉంటుంది. ఆ ఫ్రీనాస్‌లో పనిచేసిన ఫోల్కర్ టైలే డెబియన్ లినక్సు ఆధారంగా 2011లో తెచ్చినది ఓపెన్‌మీడియావాల్ట్. తక్కువ మెమరీ ఉన్న యంత్రాలకు ఇది అనుకూలం. రెండింటినీ బ్రౌజరులోంచే నడపవచ్చు.

5. అమరిక: రెండు డిస్కులతో మిర్రర్ తయారుచేయండి. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో యూజరు పేరు ఇవ్వండి. ట్రస్టు అయితే చదవగలిగేవారు ఎవరు, మార్చగలిగేవారు ఎవరు అని ముందే కాగితం మీద రాసుకోండి. స్ట్రాంగు రూము తాళంచెవులు ఇద్దరి దగ్గర ఉన్నట్టు అడ్మిన్ పాస్‌వర్డు ఇద్దరు బాధ్యులకు తెలిసి ఉండాలి.

6. కాలపట్టిక: స్నాప్‌షాట్ రోజూ. నెల రోజులవి ఉంచి పాతవి తీసివేయాలి. డిస్కు ఆరోగ్యం చెప్పే స్మార్ట్ పరీక్ష వారానికి ఒకసారి. స్క్రబ్ నెలకు ఒకసారి. బయటి డిస్కుకు బ్యాకప్పు వారానికి ఒకసారి.

7. హెచ్చరికలు: డిస్కు చెడితే సర్వరు మీకు ఈమెయిలు పంపేలా పెట్టండి. మిర్రర్‌లో ఒకటి పోయినా పని ఆగదు కనుక ఎవరూ గమనించరు. రెండవది కూడా పోయాకే తెలుస్తుంది. పరీక్షగా ఒక ఈమెయిలు వచ్చేదాకా ఈ మెట్టు పూర్తయినట్టు కాదు.

8. ఇంటర్నెట్టుకు తెరవకండి. బయటి నుంచి వాడుకోవాలనే ఉత్సాహంతో రూటరులో తలుపులు తీయవద్దు.

ఖర్చు అడిగే తల్లిదండ్రులకు ఒక లెక్క. సర్వరు సుమారు 40 వాట్లు తీసుకుంటుందనుకుందాం. 40ని 24తో, 60 రోజులతో హెచ్చిస్తే రెండు నెలల బిల్లులో సుమారు 58 యూనిట్లు. అవసరం లేని రాత్రివేళ ఆపివేస్తే ఇంకా తగ్గుతుంది. స్క్రబ్, బ్యాకప్పు పగటివేళకు పెట్టుకుంటే సరి.

తిరిగి తీసి చూడటం

బ్యాకప్పు తీశామనుకోవడం వేరు, అది తిరిగి వస్తుందని తెలుసుకోవడం వేరు. గిట్‌ల్యాబ్ సంస్థలో 2017 జనవరి 31న ఒక ఇంజనీరు చేతిలో అసలు డేటాబేసు పొరపాటున తొలగిపోయింది. వారికి ఐదు రకాల బ్యాకప్పు ఏర్పాట్లు ఉన్నాయి. ఆ రాత్రి చూస్తే ఏదీ సరిగా పనిచేయడం లేదు. అనుకోకుండా ఆరు గంటల ముందు తీసిన ఒక కాపీ దొరికి బయటపడ్డారు. ఈ సంగతిని ఆ సంస్థే దాచకుండా లోకానికి చెప్పింది. అందరికీ పనికివచ్చే పాఠం అది.

కాబట్టి నెలకొకసారి, చెప్పాలంటే ఒకటో తేదీన, బయటి డిస్కులోంచి ఏవైనా ఐదు ఫైళ్ళు వేరే కంప్యూటరులోకి తీసి, తెరిచి చూడండి. తేదీ, ఫైళ్ళ పేర్లు, సరిచూసినవారి సంతకం ఒక నోటుబుక్కులో రాయండి. నోటుబుక్కు ఏమిటని పిల్లలు నవ్వవచ్చు. సర్వరు పోయిన రోజున నమ్మదగిన సాక్ష్యం ఆ నోటుబుక్కే.

విద్యార్థులకు ఒక మాట

ఈ సర్వరు తయారుచేసినవారికి లినక్సు, నెట్‌వర్కు, భద్రత, బ్యాకప్పు అనే నాలుగు విషయాలు చేతులతో తెలిసినట్టే. మన షోళింగనల్లూరులోని ఎల్కాట్ ఆర్థిక మండలంలోనూ, ఓఎంఆర్ పొడవునా ఉన్న కంపెనీల్లోనూ రోజూ జరిగే పని పెద్ద ఎత్తున ఇదే. చిదంబరం దగ్గర అన్నామలై విశ్వవిద్యాలయంలో చదివిన ఆనంద్ బాబు పెరియసామి గారు అనేక మామూలు యంత్రాలను ఒకే పెద్ద స్టోరేజిగా కలిపే గ్లస్టర్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు సంస్థను స్థాపించినవారిలో ఒకరు. రెడ్ హ్యాట్ సంస్థ దాన్ని 2011లో సుమారు 13.6 కోట్ల డాలర్లకు కొన్నది. పెద్ద కాలేజీ పేరు లేకపోయినా పని నేర్చినవారికి ఈ రంగంలో చోటు ఉంది. బొంబాయి ఐఐటీ వారి స్పోకెన్ ట్యుటోరియల్‌లో లినక్సు పాఠాలు తెలుగులో కూడా ఉచితంగా ఉన్నాయి. ఇంగ్లీషు భయం వలన వెనుకాడవద్దు.

అభ్యాసం

1. నాలుగు డిస్కులలో 12, 30, 18 అనే అంకెలు, వాటి మొత్తం 60 ఉన్నాయి. మూడవ డిస్కు పోతే దాన్ని ఎలా తిరిగి రాబడతారు? రెండు డిస్కులు పోతే ఎందుకు రాబట్టలేరు?

2. నాలుగు టెరాబైట్ల డిస్కును సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో నింపడానికి ఎన్ని గంటలు పడుతుంది? జవాబు ఏడున్నర గంటలకు కొంచెం తక్కువ రావాలి. అంతసేపూ మిగిలిన ఒక్క డిస్కు మీదే ఆధారపడి ఉంటామని గుర్తుంచుకుని, అప్పుడు తీసుకోవలసిన జాగ్రత్త రాయండి.

3. రెయిడ్, స్నాప్‌షాట్, బయటి ఊరి కాపీ: ఈ మూడింటిలో డిస్కు చెడటానికి, ఫైలు పొరపాటున తొలగిపోవడానికి, వరదకు ఏది మందో జతపరచండి.

4. ఈ వారంలో మీ ఇంట్లోని ముఖ్యమైన పత్రాల జాబితా రాసి, ఒక్కోదానికి ఎన్ని కాపీలు ఉన్నాయో, ఎక్కడ ఉన్నాయో, చివరిసారి ఎప్పుడు తెరిచి చూశారో ఎదురుగా నింపండి. చివరి గడి ఖాళీగా ఉన్న వరుస నుంచే పని మొదలుపెట్టండి.